తెర మీద తొమ్మిది

ఆ కంటి ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో పనిచేసేవాళ్ళు ముగ్గురు: మేనేజరు, పెద్ద కోడలు, చిన్న కోడలు. మేనేజరు కూడా ఎవరో ఒకరి అల్లుడయ్యే ఉంటాడు గానీ దానితో మనకు పనిలేదు. మిగతా ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. కింద వాటాలో ఒకరు, పై వాటాలో ఒకరు ఉంటూ, ఒకే బస్సులో వచ్చి, పక్కపక్క కుర్చీల్లో కూర్చునే తోడికోడళ్ళు పోట్లాడుకోకుండా ఎలా నెట్టుకొస్తున్నారని ఆసుపత్రిలో అందరికీ ఆశ్చర్యమే. మందుల కౌంటరు ఆవిడయితే ఆ పోట్లాట ఎప్పుడొస్తుందా అని పది నెలలుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది.

పోట్లాట రాకపోవడానికి కారణముంది. చిన్న కోడలికి ఈ పని నేర్పింది పెద్ద కోడలే. పిల్లలు బడికి పోతున్నారు, ఇంట్లో ఊరికే కూర్చోలేనని ఆమె అంటే, భోజనాల బల్ల మీద పాత కంప్యూటరు పెట్టి ఓనమాల నుంచి చెప్పింది. ఏడాది తిరిగేసరికి ఆసుపత్రిలో ఖాళీ వచ్చింది. పెద్ద కోడలు పూచీపడితే మేనేజరు తీసుకున్నాడు. ఏడాది పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు. అందులో ఇంకా రెండు నెలలు మిగిలున్నాయి. ఎవరేం సలహా ఇచ్చినా చిన్న కోడలిది ఒకటే మాట, "మా అక్కనడిగి చెప్తా." అక్క అవునంటే అవును, కాదంటే కాదు.

ఇక అసలు సంగతి. ఆసుపత్రిలో పదకొండు సర్వర్లున్నాయి. ఒక్కోదాని దగ్గరికీ పోయి బాగోగులు కనుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, అన్నిటి మీదా పెత్తనం చెయ్యడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి వీళ్ళు పెట్టుకున్న పేరు మేస్త్రి. మేస్త్రి ఇటుక మోయడు, గోడ కట్టడు. ఎవరికేం కావాలో చూసి పురమాయిస్తాడు. ప్రతి సర్వరులోనూ ఒక చిన్న ఫైలుంటుంది. నేను ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్‌ని, నా వెర్షన్ ఇంత, అని అందులో రాసి ఉంటుంది. ఇంటి గుమ్మం పక్కన పేరు పలక లాంటిదన్న మాట. మేస్త్రి ఆ పలక చదివి తెర మీద చూపిస్తాడు, అది చూసి వీళ్ళు ఏ వెర్షన్ బొత్తాం నొక్కితే ఆ సరుకు తెచ్చి దింపుతాడు. తలుపు తీసి లోపల నిజంగా ఎవరున్నారో చూసే అలవాటు మాత్రం వాడికి లేదు.

నాలుగు నెలల కిందట పెద్ద కోడలు కంటి ఫోటోల సర్వరును తొమ్మిదో వెర్షన్ నుంచి పదికి మార్చింది. "కొన్నాళ్ళు ఆగుదాం మేడమ్, పది ఇంకా కొత్త" అన్నాడు మేనేజరు. "ఏం కాదు సార్, నాదీ పూచీ" అంది ఆమె. అన్నట్టుగానే పని నల్లేరు మీద బండిలా సాగింది. సర్వరు లేచింది, ఫోటోలు కనిపించాయి. మార్పుల పుస్తకం తెరిచి "ఫోటోల సర్వరు, వెర్షన్ పది, పూర్తి" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ పుస్తకం పెట్టించింది ఆవిడే. చిన్న మార్పు చేసినా అందులో రాయాల్సిందే, మంచినీళ్ళు తాగినా రాయమంటుందని మేనేజరు కూడా వేళాకోళం చేసేవాడు.

పుస్తకం మూసిన పావుగంటకి మేస్త్రి ఎర్రదీపం వెలిగించాడు. వెర్షన్ ఒకటి అన్నాడు. ఇంత పాతదాన్ని నేను చూసుకోను, బ్యాకప్ కూడా తియ్యను అన్నాడు. సంగతేమిటంటే, వాడిని తయారుచేసిన మహానుభావులు మొదటి అంకె ఒక్కటే చదవడం నేర్పారు. తొమ్మిది దాకా ఆ చదువు సరిపోయింది. పది ఎదురయ్యేసరికి ఒకటి చదివి సున్నాను మింగేశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, మాకూ తెలిసింది, ఆరు వారాల్లో సరిచేస్తామన్నారు. ఆరు వారాలు బ్యాకప్ లేకుండా రోగుల ఫోటోలు ఎలా వదిలేస్తారు? పోనీ మేనేజరుకి చెబుదామంటే, పొద్దుటే కదా పూచీ అంది. ఆవిడకి నామోషీ అనిపించింది. ఫైలు తెరిచింది. పదిని చెరిపి తొమ్మిది పెట్టింది. దీపం పచ్చబడింది.

ఈ రెండో సంగతి పుస్తకంలో రాయలేదు. ఆ సర్వరు అప్‌డేట్లు తనే చేత్తో చేసుకుంటే సరిపోతుంది, మేస్త్రి బాగుపడ్డాక అంకె మళ్ళీ మార్చేస్తే ఎవరికీ తెలియదు అనుకుంది. రెండు నెలల తర్వాత మేస్త్రికి కొత్త వెర్షన్ వచ్చింది. రెండంకెలు చదవడం నేర్చుకున్నాడు. ఆ కొత్తదాన్ని ఎక్కించింది కూడా ఆవిడే. పలక మార్చాలని అప్పుడు గుర్తు రాలేదని తర్వాత తనకు తాను సర్దిచెప్పుకుంది. అది అబద్ధం. గుర్తొచ్చింది. బస్సుకి టైమైందని రేపటికి వాయిదా వేసింది.

ఆ రేపు రానేలేదు. ఆదివారం వచ్చింది. నెలకోసారి ఆసుపత్రికి సెలవున్న ఆదివారం అన్ని సర్వర్లకీ అప్‌డేట్లు పెడతారు. పెద్ద కోడలికి పన్ను పోటు, బుగ్గ పూరీలా పొంగింది. "నువ్వు పడుకో అక్కా, నేను చూసుకుంటాగా" అని చిన్న కోడలు ఒక్కతే వెళ్ళింది. నొప్పి మాత్ర వేసుకుని పడుకున్న మనిషికి ఆ పలక సంగతి తట్టనే లేదు. చిన్న కోడలు అక్క నేర్పినట్టే చేసింది. మేస్త్రి తెరలో ఒక్కో వరసా చూసింది, దీపం పచ్చగా ఉందా, వెర్షన్ ఎంత, అని. ఫోటోల సర్వరు ఎదురుగా తొమ్మిది అని ఉంది. తొమ్మిదో వెర్షన్ బొత్తాం నొక్కింది. మేస్త్రి తొమ్మిదో వెర్షన్ సరుకంతా తెచ్చి పదో వెర్షన్ నెత్తిన కుమ్మరించాడు.

సోమవారం పొద్దున హాలు నిండా జనం. డాక్టర్ల గదుల్లో తెరలన్నీ తెల్లగా ఉన్నాయి. పెద్ద కోడలు వాచిన బుగ్గతో పరుగెత్తుకొచ్చి సర్వరు ముందు కూర్చుంది. రెండు లైన్లు చదివింది. ఎవరు చేశారో, ఎందుకైందో ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మధ్యాహ్నానికి శుక్రవారం నాటి బ్యాకప్ నుంచి సర్వరును నిలబెట్టింది. శనివారం తీసిన నలభై ఆరు మంది ఫోటోలు మాత్రం దక్కలేదు.

నిలబెట్టిన సర్వరులో కూడా పలక మీద తొమ్మిదే ఉంది. అప్పుడు గదిలో ఎవరూ లేరు. మేనేజరు పెద్ద డాక్టరుకి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. చిన్న కోడలు హాల్లో జనాన్ని బతిమాలుతోంది. పెద్ద కోడలు తొమ్మిదిని చెరిపి పది అని కొట్టింది. అలా మార్చక తప్పదు, లేకపోతే మళ్ళీ ఇదే జరుగుతుంది. మార్చిన సంగతి పుస్తకంలో రాయడానికి కలం కూడా తీసింది. బయట అడుగుల చప్పుడు వినపడగానే కలం మూసేసింది.

మూడు గంటలకి మేనేజరు ఇద్దరినీ కూర్చోబెట్టాడు. మంచివాడే గానీ, ఆరోజు పెద్ద డాక్టరు దగ్గర బాగా గడ్డి పెట్టించుకుని వచ్చాడు.

"ఫోటోల సర్వరు పదో వెర్షనని పుస్తకంలో రాసుందిగా, తొమ్మిదో వెర్షన్ అప్‌డేట్ ఎలా పడిందండీ?"

"తెర మీద తొమ్మిదని ఉందండి" అంది చిన్న కోడలు. "నేను చూసే నొక్కాను."

మేనేజరు తన కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు. ఫోటోల సర్వరు, పది. పై వరసలో బిల్లుల సర్వరు, తొమ్మిది. చిన్న కోడలు ముందుకు వంగి చూసింది, వెనక్కి వాలింది, మళ్ళీ వంగి చూసింది. మేస్త్రి చిట్టా తీశారు. ఎవరు, ఎప్పుడు, ఏ బొత్తాం నొక్కారో వాడు రాసుకుంటాడు. ఆ సమయానికి పలక మీద ఏం చదివాడో రాసుకోడు.

"మేడమ్, మీరేమంటారు?" అన్నాడు మేనేజరు.

పెద్ద కోడలు చెప్పేద్దామనే నోరు తెరిచింది. పదిహేనేళ్ళ సర్వీసు, ఆ పుస్తకం, ఆ పూచీ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఒక్కోసారి... తొందరలో పై వరసలోది చూసేస్తుంటాం సార్."

చిన్న కోడలు తల తిప్పి అక్క మొహంలోకి చూసింది. ఆ చూపులో అనుమానం ఉంటే పెద్ద కోడలికి కాస్త ఊరటగా ఉండేది. అనుమానం లేదు. అక్క అందంటే అదే అయ్యుంటుందని అప్పటికప్పుడు నమ్మేసిన చూపు అది.

మేనేజరు రెండు దారులు చెప్పాడు. పొరపాటు నాదేనని కాగితం రాసిస్తే టోకెన్ల కౌంటరుకి మారుస్తాడు, ఉద్యోగం నిలుస్తుంది, కంప్యూటర్ల గదిలోకి మాత్రం ఇక రానివ్వడు. తెరే తప్పు చూపించిందని వాదిస్తే, చేసిన పని ఒప్పుకోని మనిషిని ఆసుపత్రిలో ఉంచుకోలేడు. గురువారం సాయంత్రం లోపు తేల్చుకోమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చిన్న కోడలు అక్క వైపు తిరిగింది.

"అక్కా, కళ్ళు మూసుకుంటే నాకింకా తొమ్మిదే కనిపిస్తోంది. ఆ గళ్ళు, ఆ పచ్చ దీపం, పక్కన తొమ్మిది. ఎందుకంటావ్?"

"పై వరస తొమ్మిదేగా. అదే కళ్ళలో ఉండిపోయింది."

"అంతేనంటావా?"

"అంతే. ఒప్పేసుకో. ఉద్యోగమన్నా మిగులుతుంది."

ఆ మాట ఎంత ప్రేమగా అందో ఆవిడకే వినిపించింది. అడ్డంగా అబద్ధమాడితే ఒక తీరు. ఓదార్పులా ఆడితే దానికి పేరేమిటో ఆవిడకి తెలియలేదు.

మంగళ, బుధవారాలు చిన్న కోడలు కుర్చీలోంచి లేవకుండా ఫోన్లు చేసింది. నలభై ఆరు మందికి. "నా పొరపాటు వల్ల మీ ఫోటోలు పోయాయండి. మళ్ళీ ఒక్కసారి శ్రమపడి రావాలి." కొందరు సరేనన్నారు. ఒక లారీ డ్రైవరు, కళ్ళలో చుక్కలు వేస్తే ఆ రోజంతా బండి తోలడానికి లేదు, నా ఒక రోజు పని నువ్విస్తావా అని దులిపేశాడు. చిన్న కోడలు అవునండి, నిజమేనండి అంటూ పూర్తిగా విని, చివర్లో మళ్ళీ రమ్మని బతిమాలింది. పక్క కుర్చీలో పెద్ద కోడలు ఏదో కొడుతున్నట్టు కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. 'నా పొరపాటు' అని వినపడ్డప్పుడల్లా తలకొట్టేసినట్టయ్యేది. ఇక ఉండబట్టలేక, "సగం పేర్లు ఇటివ్వు, నేను చేస్తా" అంది.

"వద్దక్కా. నా తప్పుకి నువ్వెందుకు తిట్లు తినాలి?"

బుధవారం ఆఫీసు నుంచి రాగానే మరిది కిందికి దిగి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, చెప్పాలా వద్దా అన్నట్టు గోడ గీకుతూ అన్నాడు.

"తను సరిగ్గా తినట్లేదు వదినా. పిల్లలకి లెక్కలు చెప్పమంటే కూడా, నేను చెప్తే తప్పు చెప్తానేమో, నువ్వే చెప్పు అంటోంది. మీరు పక్కనున్నారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమైపోయేదో."

పెద్ద కోడలు కూర కలుపుతున్న గరిటె ఆపలేదు. ఆపితే మరిది మొహం చూడాల్సి వస్తుంది. "భోంచేసి వెళ్ళు" అంది. అతను వద్దని వెళ్ళిపోయాక చూస్తే కూర అడుగంటింది. ఇంతకాలం ఆవిడకి భయమే తెలుసు, సర్వరు పడిపోతుందేమోనని, పరువు పోతుందేమోనని. సిగ్గంటే ఏమిటో ఈ మూడు రోజుల్లో తెలుస్తోంది. భయం అప్పుడప్పుడైనా వదిలేది. ఇది అన్నం తింటున్నా, పళ్ళు తోముకుంటున్నా పక్కనే కూర్చుంటోంది. అయినా గురువారం దాకా చూద్దాం అనుకుంది. ఏం చూద్దామనో ఆవిడకే తెలియదు.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళకి చిన్న కోడలు కనిపించలేదు. మందుల కౌంటరులో అడిగింది, మెట్ల దగ్గర చూసింది. మూడు దాటాక ఆమె గోడ పట్టుకుంటూ గదిలోకి వచ్చింది. కళ్ళలో నల్లగుడ్లు ఇంతింత పెద్దవై ఉన్నాయి. కిటికీ వెలుతురుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందే?"

"కళ్ళు చూపించుకున్నానక్కా. టోకెన్ తీసుకుని అందరితో పాటు లైన్లో కూర్చున్నా. చుక్కలేశారు."

"నీకేమొచ్చింది కళ్ళకి?"

"ఏమీ రాలేదట. చివరి వరస దాకా చదివేశాను. లోపల కూడా చూసి, శుభ్రంగా ఉన్నాయి పొమ్మన్నారు."

"మంచిదేగా మరి."

"ఏం మంచక్కా?" చిన్న కోడలు తడుముకుంటూ కుర్చీలో కూలబడింది. "కళ్ళల్లో లోపముంటే అద్దాలు పెట్టుకునేదాన్ని. కళ్ళు బాగున్నాయంటే తేడా బుర్రలోనే అన్న మాట. మా అమ్మకి ఇలాగే మొదలైంది. లేనిది చూశానని ఒట్టేసి చెప్పేది. ఇంకా నలభై కూడా నిండలేదక్కా నాకు. ఈయనకి ఈ సంగతి చెప్పకు. వచ్చే వారం తల డాక్టరుకి చూపించుకుంటా."

పెద్ద కోడలు ఉద్యోగం, గది, కౌంటరు, ఇంతవరకే లెక్కేసుకుంది. తను చెరిపేసింది ఈ పిల్లకి తన మీద తనకున్న నమ్మకాన్ని అని అప్పటిదాకా తోచలేదు.

చిన్న కోడలు సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. "పొద్దున్నే రాశా. ఐదింటి లోపు ఇవ్వాలి. ఇప్పుడు దగ్గరివి అలుక్కుపోతున్నాయి, నా రాత నాకే కనపడట్లేదు. ఒకసారి చదివి వినిపించు. తప్పులుంటే దిద్దు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు చాలు."

పెద్ద కోడలు కాగితం విప్పింది. తను నేర్పిన పద్ధతిలోనే ఉంది, తేదీ, సర్వరు పేరు, జరిగిన సంగతి, కారణం. చదవడం మొదలుపెట్టింది.

"ఆదివారం ఉదయం పదకొండు గంటలకి నేను అప్‌డేట్లు పెట్టాను. ఆ సమయానికి తెర మీద ఫోటోల సర్వరు ఎదురుగా పది అనే ఉంది. నేను పై వరసలోని తొమ్మిదిని చూసి పొరబడ్డాను. మార్పుల పుస్తకం కూడా సరిగ్గా చూసుకోలేదు. నాకు పని నేర్పిన మా అక్క ఎంతో జాగ్రత్తగా నేర్పింది. ఇందులో ఆమె లోపం ఏమీ లేదు."

అక్కడ ఆవిడ చదవడం ఆపింది. చిన్న కోడలు కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి, పాఠం వింటున్నట్టు వింటోంది. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. పెద్ద కోడలు వాటిని చదవలేదు. కాగితం మీదే చూపు నిలిపి, చదువుతున్న గొంతుతోనే అంది.

"ఆ సర్వరులో పదిని చెరిపి తొమ్మిది పెట్టింది నేనే. నాలుగు నెలల కిందట. పుస్తకంలో రాయలేదు."

"అది నేను రాయలేదే" అంది చిన్న కోడలు, కళ్ళు తెరవకుండానే.

"నువ్వు రాయలేదు. నేను చెప్తున్నా. మేస్త్రికి పది అర్థం కావట్లేదని తొమ్మిదని పెట్టాను. సోమవారం ఎవరూ లేనప్పుడు మళ్ళీ పది చేశాను."

చిన్న కోడలు కళ్ళు తెరిచింది. ఆ పెద్ద నల్లగుడ్లలో తన మొహం ఎంతవరకు కనిపిస్తోందో పెద్ద కోడలికి తెలియలేదు.

"అంటే ఆదివారం తెర మీద తొమ్మిదే ఉందా?"

"తొమ్మిదే."

"నేను చూసింది తొమ్మిదే."

"తొమ్మిదే చూశావ్. నీది ఏ తప్పూ లేదు. బుర్రా బాగుంది, కళ్ళూ బాగున్నాయి."

చిన్న కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుని గట్టిగా ఊపిరి వదిలింది. ముందు ఆమెకి కలిగింది కోపం కాదు, ఊరట. మొహం మీది నుంచి చేతులు తీసేసరికి చిన్నపిల్లలా నవ్వుతోంది కూడా. ఆ నవ్వు చూసి పెద్ద కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. తిట్టి ఉంటే తట్టుకునేదే.

నవ్వు ఎక్కువసేపు లేదు. ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఆమె మొహం మారుతూ వచ్చింది.

"బస్సులో అడిగాను నిన్ను."

"అవును."

"అంతే అన్నావ్."

"అన్నాను."

"నలభై ఆరు మందికి ఫోన్ చేశాను. నువ్విక్కడే కూర్చున్నావ్."

పెద్ద కోడలు ఆమె చెయ్యి పట్టుకోబోయింది. చిన్న కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది, విసురుగా కూడా కాదు, వేడి గిన్నె తగిలినట్టు.

"నువ్వు కూర్చో" అంది పెద్ద కోడలు, లేస్తూ. "నేను పోయి మేనేజరుకి అంతా చెప్పేస్తా. నువ్వీ కళ్ళతో నడవలేవు."

"నేనూ వస్తా. నువ్వేం చెప్తావో నేను వినాలి."

"అయితే నా చెయ్యి పట్టుకో."

"వద్దు. నువ్వు ముందు నడు."

మేనేజరు గది వరండా చివర ఉంది. పడమటి ఎండ అద్దాల్లోంచి నేరుగా పడుతోంది. చిన్న కోడలు ఆ వెలుతురు భరించలేక కళ్ళు మూసేసుకుని, గోడకి అరచెయ్యి ఆనించి వెనకే వస్తోంది. పెద్ద కోడలు కాగితం చేత్తో పట్టుకుని, ఆమెకి అందేంత మెల్లగా నడిచింది. వరండా సగంలో ఒక మెట్టుంది. పది నెలలుగా ఇద్దరూ రోజూ ఎక్కి దిగే మెట్టే.

"ఇక్కడ మెట్టు" అంది పెద్ద కోడలు.

వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూసింది. చిన్న కోడలు ఒక కాలు మెల్లగా ముందుకు చాచి, బొటనవేలితో నేలంతా తడిమింది. అంచు తగిలింది. మళ్ళీ ఇంకోసారి తడిమి, నిజంగానే మెట్టుందని తేల్చుకున్నాకే కాలు పైన పెట్టింది.